కడలి దాటు మాటకు కట్టిన వెల

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు, కామారెడ్డి, నిర్మల్ ప్రాంతముల పల్లెలకు గల్ఫ్ దేశములనుండి నెలనెల వచ్చునవి రెండు గలవు: ఒకటి కూలి డబ్బు, రెండవది ఆ డబ్బు సంపాదించినవాని కంఠస్వరము. వీనిలో మొదటిదానిని గూర్చి ప్రభుత్వములును, బ్యాంకులును, అంతర్జాతీయ సంస్థలును ఎంతయో శ్రద్ధ వహించి, దానిని లెక్కించి, దాని రాకకు దారులు సుగమము చేసినవి. ఐక్యరాజ్యసమితి 2015లో అంగీకరించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యములలో, వలస కార్మికుడు ఇంటికి పంపు ధనముపై పడు ఖర్చు 2030 నాటికి 3 శాతమునకు లోబడవలెనని స్పష్టముగా వ్రాయబడినది. ఆ కార్మికుడే తన తల్లితోను, భార్యతోను, బిడ్డలతోను మాటలాడుటకు ఎంత చెల్లింపవలెను, ఎంతకు మించి చెల్లింపరాదు అను విషయము మాత్రము ఏ లక్ష్యపత్రమునందును చోటు చేసికొనలేదు. ధనము పంపువానికి స్వరమొకటి గలదనియు, ఆ స్వరము కొరకు ఒక ఇల్లు ఎదురుచూచుచుండుననియు ఆ పత్రములు వ్రాసినవారు విస్మరించినట్లు తోచుచున్నది.

విదేశమున నున్న కార్మికుడు తనవారితో మాటలాడుట విలాసము కాదు. తిండి, వసతి, వైద్యము వలెనే అది అతని కొలువు షరతులలో నొకటి కావలెనని నా దృఢాభిప్రాయము. దూరమునకు తగిన వెల యని పూర్వము చెప్పుటకు కొంత ఆధారముండెడిది. ఇప్పుడా ఆధారము లేదు. మాటను కడలి దాటించుటకు నిజముగా అగు ఖర్చు నేడు లెక్కకు రానంత స్వల్పము. మిగిలియున్న వెల యంతయు అనుమతులకును, గుత్తహక్కులకును, అజ్ఞానమునకును చెల్లించుచున్న వెలయే గావున, దానిని తగ్గించు మార్గము యంత్రశాస్త్రమునందు గాక చట్టమునందును, ప్రభుత్వముల నడుమ జరుగు బేరసారములయందును వెదకవలసి యున్నది.

ఈ మాటకు పూర్వకాలమున ఎంత వెల యుండెడిదో స్మరించినగాని నేటి స్థితిలోని న్యాయాన్యాయములు బోధపడవు. 1870లో బొంబాయినుండి సూయజ్ మీదుగా లండను వరకు సముద్రగర్భమున తంతి పరచినప్పటినుండి మన దేశపు వార్త వేగముగా కడలి దాటుచు వచ్చెను. కాని ఆ తంతి ప్రభుత్వమునకును, వర్తకులకును, పత్రికలకును ఉపకరించినదే తప్ప, ఆ శతాబ్దముననే గంజాము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాలనుండి మారిషస్సునకును, నేటాలునకును, రంగూనునకును ఓడలెక్కిన తెలుగు కూలీల ఇండ్లకు దానితో పనిలేకపోయెను. వారిలో అనేకుల విషయమున ఓడ కదలుటయే కడపటి వార్త. 1973 తరువాత చమురు ధర పెరిగి గల్ఫ్ దేశములు మన కూలీలను పిలువ నారంభించిన కాలమునకు తపాలా యుండెను; కాని జాబు వ్రాయుటకొకరు, చదువుటకొకరు కావలసి వచ్చెడిది. దుబాయి పోయినవాడు భార్యకు చెప్పదలచిన మాట ముందుగా గదిలోని మిత్రుని చేతిమీదుగా కాగితమెక్కి, పిమ్మట ఊరిలోని పోస్టుమాను నోటిమీదుగానో, బడిపంతులు నోటిమీదుగానో ఆమె చెవి చేరెడిది. దంపతుల నడుమ ఇద్దరు పరాయివారు నిలిచిన ఆ సంభాషణలో చెప్పకుండ మిగిలిపోయిన మాటలెన్నియో యుండును. అందుచేతనే కదా, టేపురికార్డరు కొనగలిగినవారు గంటసేపు మాటలాడి, ఆ క్యాసెట్టును సెలవు మీద వచ్చువాని సంచిలో పంపుట ఆచారమయ్యెను! ప్రశ్న ఈ నెల వచ్చును, సమాధానము మరి రెండు నెలలకు పోవును. ఐనను అది స్వహస్తమువంటి స్వస్వరము.

పిమ్మట ఫోను వచ్చెను. విదేశ్ సంచార్ నిగమ్ 1986లో ఏర్పడుటయు, 1984లో స్థాపితమైన సీ-డాట్ సంస్థ గ్రామీణ ఎక్స్ఛేంజీలను తయారు చేయుటయు, పసుపుపచ్చని ఎస్‌టీడీ, ఐఎస్‌డీ బోర్డులు మండల కేంద్రములవరకు వ్యాపించుటయు ఒకదానివెంట నొకటి జరిగినవి. ఇంట ఫోను లేనివాడు ఎదురింటి షావుకారు నంబరును పీపీ నంబరుగా వ్రాయించుకొనెడివాడు. పిలుపు వచ్చినప్పుడు షావుకారు కొడుకు పరుగెత్తిపోయి చెప్పవలెను, అంతవరకు అవతల సౌదీలో మీటరు తిరుగుచుండవలెను. అద్దాల గదిలో నిలిచి, ఎదుట ఎర్రని అంకెలు ఎగబ్రాకుచుండగా, క్షేమమడిగి క్షేమము చెప్పి, అసలు సంగతి నోటికి రాకముందే పెట్టివేసిన పిలుపులను ఆ తరమువారెవ్వరును మరువలేదు. దినకూలి కొన్ని నిమిషములలో కరగిపోవుచున్నప్పుడు దుఃఖమునకు గాని, సందేహమునకు గాని, మౌనమునకు గాని అవకాశమెక్కడిది? ఫోనులో మౌనమునకు సైతము వెల కట్టిన దినములవి.

ఆ వెల రాగితీగకు, ఉపగ్రహమునకు ఐన ఖర్చు వలన మాత్రమే ఏర్పడినది కాదని గ్రహించుట ముఖ్యము. ఒక దేశమునుండి బయలుదేరిన పిలుపును మరియొక దేశము అందుకొని గమ్యము చేర్చినందుకు నిమిషమున కింతయని రుసుము పుచ్చుకొనుట సంప్రదాయము. ఆ రుసుమును రెండు వైపుల గుత్త సంస్థలు తమలో తాము నిర్ణయించుకొనెడివి. ఖర్చునకు అనేక రెట్లుగా నుండిన ఆ రుసుములను భరింపలేక అమెరికా సమాచార నియంత్రణ సంఘము 1997లో, దేశముల ఆదాయస్థాయిని బట్టి నిమిషమునకు 15 సెంట్లు మొదలు 23 సెంట్ల వరకు పరిమితులు విధించి, అంతకు మించి తమ సంస్థలు చెల్లింపరాదని ఆజ్ఞాపించెను. మన దేశమున విదేశీ పిలుపులపై విదేశ్ సంచార్ నిగమ్ గుత్తాధిపత్యము 2002 ఏప్రిల్ 1న ముగిసెను; ఆ దినముననే ఇంటర్నెట్ టెలిఫోనీకి పరిమితముగా అనుమతి లభించెను. 2003 మే 1 నుండి పిలుచువాడే చెల్లించు పద్ధతి వచ్చి, సెల్లులో వచ్చు పిలుపునకు పల్లెటూరి తల్లి పైసయైన ఇయ్యవలసిన పని తప్పెను. ఈ తేదీలలో ఏ ఒక్కనాడును సముద్రము కుదించుకొని పోలేదు. తగ్గిన ధరలో అధికభాగము ప్రభుత్వాజ్ఞల వలననే తగ్గినది. ఆజ్ఞతో తగ్గినదానిని ఆజ్ఞతోనే ఇంకను తగ్గింపవచ్చునని ఈ చరిత్ర మనకు ధైర్యమిచ్చుచున్నది.

ఇక యంత్రము వైపున జరిగిన మార్పు అద్భుతము. పాతకాలపు ఎక్స్ఛేంజీలో ఒక సంభాషణకు, ఒక్కొక్క దిశకు, సెకనుకు 64 వేల బిట్ల దారి కేటాయింపవలసి యుండెడిది. ఇప్పటి ఓపస్ వంటి ధ్వనిసంకేత పద్ధతులలో దానిలో పదవ వంతుతోనే మాట అర్థమగునట్లు పోగలదు. వాట్సాప్‌లో కేవలము మాటతో జరుపు పిలుపునకు నిమిషమునకు ఒక మెగాబైటునకు లోపుగనే ఖర్చగును గావున, ఒక గిగాబైటులో పదునారు గంటలకు పైగా మాటలాడుకొనవచ్చును. 2015లో వాట్సాప్ మాటపిలుపును, 2016 నవంబరులో దృశ్యపు పిలుపును ప్రవేశపెట్టుటయు, అదే సంవత్సరము సెప్టెంబరులో జియో రాకతో మన దేశమున డేటా ధర పడిపోవుటయు కలసి, గుంటూరులోని తండ్రికిని, టెక్సాసులోని కుమార్తెకును నడుమనున్న వెలను దాదాపు తుడిచివేసినవి. అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను ఉన్నవారికి నేడు చిక్కు పగలు రాత్రుల వ్యత్యాసమే గాని పైకము కాదు. వారిని గూర్చి ఇంతకన్న చెప్పవలసినది లేదు.

గల్ఫ్ సంగతి వేరు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఇంటర్నెట్ ద్వారా పిలుపు నడుపు అధికారము లైసెన్సు పొందిన టెలికాం సంస్థలకే, అనగా ఎతిసలాత్, డూ అను రెండింటికే, పరిమితము. వాని ద్వారా అనుమతి పొందిన బోటిమ్ వంటి కొలది యాప్‌లు తప్ప, వాట్సాప్‌లో సందేశము పోవును గాని పిలుపు పోదు. 2018 ఆరంభమున ఎతిసలాత్ ఈ యాప్‌లకై ప్రవేశపెట్టిన ఇంటర్నెట్ కాలింగ్ ప్యాకు ధర సెల్‌ఫోనునకు నెలకు 50 దిర్హాంలు. నెలకు వెయ్యి దిర్హాంలు తెచ్చుకొను కార్మికునికి అది జీతములో ఇరువదవ వంతు, అనగా 5 శాతము. ఇంటికి పంపు డబ్బుపై ఖర్చు 3 శాతము మించరాదని లోకమంతయు ఒప్పుకొనినది. ఇంటితో మాటలాడుటకు జీతములో 5 శాతము తీసికొనుట న్యాయమా యని అడిగినవారు లేరు. ఈ రుసుము తప్పించుకొనుటకు వీపీఎన్ పెట్టుకొని నిషిద్ధమైన పిలుపు చేసినవాడు చట్టరీత్యా 5 లక్షల నుండి 20 లక్షల దిర్హాంల వరకు జరిమానాకు గురికావచ్చును. క్యాంపు గదిలో ఎనమండుగురితో కలసి నిద్రించు తాపీమేస్త్రీ, పక్క మంచమువాడు చెప్పెను గదా యని ఆ యాప్ వేసికొనుటకు ముందు ఈ అంకెలు తెలిసికొనియుండవలెను. చౌక యని చెప్పబడు ప్రతి మార్గమును చౌక కాదు. చట్టవిరుద్ధమైనదానిని నేనెవ్వరికిని సిఫారసు చేయజాలను.

ఆ దేశము వాదనను కూడ న్యాయముగా వినవలసి యున్నది. టెలికాం వ్యవస్థ నిర్మాణమునకు తాము పెట్టుబడి పెట్టితిమనియు, లైసెన్సు లేని విదేశీ సంస్థలు దానిపై ఉచితముగా వ్యాపారము చేయుట తగదనియు, భద్రతా కారణములు గలవనియు వారందురు. పెట్టుబడి మాట సత్యమే. కాని ఎతిసలాత్‌లో 60 శాతము వాటా సమాఖ్య ప్రభుత్వపు పెట్టుబడి సంస్థదేనన్నప్పుడు, రుసుము నిలుపుకొనుటలో రాజ్యమునకు గల ఆదాయప్రయోజనమును కాదనుటకు వీలులేదు. భద్రత మాటకు వారి పొరుగుదేశమే సమాధానము: సౌదీ అరేబియా 2017 సెప్టెంబరులో, తన నిబంధనలకు లోబడిన యాప్‌లపై అంతవరకు నున్న నిషేధమును సడలించెను; రాజ్యభద్రతకు భంగము కలిగినదని ఆ ప్రభుత్వము ఆ పిదప చెప్పినట్లు కానరాదు. ఎమిరేట్స్ ప్రభుత్వము సైతము 2020లో కరోనా కాలమున బడులకును, కార్యాలయములకును జూమ్, టీమ్స్ వంటివానికి అనుమతి యిచ్చెను. కార్యాలయపు సమావేశమునకు తెరచిన ద్వారము బిడ్డ ముఖము చూడగోరు కూలివానికి తెరచుకొనకుండుటకు యంత్రకారణమేదియు లేదు.

సాధారణపు ఫోను పిలుపు సంగతి కూడ చూడవలెను, ఏలనన స్మార్టుఫోను లేని ముసలితండ్రిని చేరుటకు అదియే మార్గము. విదేశమునుండి వచ్చిన పిలుపును అందుకొన్నందుకు భారతీయ సంస్థకు రావలసిన రుసుమును మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిర్ణయించును. అది 2015లో నిమిషమునకు 53 పైసలు; 2018 ఫిబ్రవరి 1 నుండి 30 పైసలు; 2020 మే 1 నుండి 35 పైసలకును 65 పైసలకును నడుమ సంస్థల ఇష్టమునకు విడువబడినది. అనగా గల్ఫ్‌లో కార్మికుడు నిమిషమునకు ఎన్ని రూపాయలిచ్చినను, జగిత్యాలలో ఆ పిలుపును తండ్రి చెవికి చేర్చు సంస్థకు అందునది 65 పైసలకు మించదు. తక్కినదంతయు పిలుపు బయలుదేరిన దేశముననో, నడుమ మోసినవారి చేతనో నిలిచిపోవును.

ఈ వ్యత్యాసమే దొంగ వ్యాపారమునకు మూలము. గల్ఫ్‌నుండి ఇంటర్నెట్ ద్వారా వచ్చిన పిలుపులను హైదరాబాదులో ఒక అద్దె గదిలో వరుసగా పేర్చిన సిమ్‌ల మీదుగా స్థానిక పిలుపులుగా మార్చి పంపు సిమ్ బాక్సు కేంద్రములను పోలీసులు పలుమార్లు పట్టుకొనిరి. ఆ దారిన వచ్చిన పిలుపు మన ఫోనులో ఎవరో తెలియని భారతీయ నంబరుగా కనబడును; కొడుకు పిలుచుచున్నాడో, మోసగాడు పిలుచుచున్నాడో తల్లికి తెలియదు. విదేశమునుండి భారతీయ నంబరు వేసికొని వచ్చు నకిలీ పిలుపులను అడ్డుటకు కేంద్ర టెలికాం శాఖ 2024 అక్టోబరు 22న ఒక వ్యవస్థను ఆరంభించగా, తొలి ఇరువదినాలుగు గంటలలోనే 1.35 కోట్ల పిలుపులు అందు చిక్కినవి. ఆ అడ్డుగోడ అవసరమే. డిజిటల్ అరెస్టు అను పేర వృద్ధులను బెదిరించి జీవితకాలపు పొదుపును కాజేయుచున్న కాలమిది. కాని గోడ కట్టుటతో పని ముగియదు. చట్టబద్ధమైన పిలుపు చౌక యగువరకు దొంగదారికి గిరాకి తగ్గదు. అమెరికాలో సైతము వలసవచ్చినవారు నమ్మి కొనిన ప్రీపెయిడ్ కార్డులు ప్రకటించినన్ని నిమిషములు ఇయ్యక, దాచిన రుసుములతో హరించుచున్నవని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008లో న్యాయస్థానమునకు పోవలసి వచ్చెను. ఇల్లు విడిచివచ్చినవాని ఆర్తిని సొమ్ము చేసికొనుట ఏ ఒక్క దేశపు వ్యాధియు కాదు. ఈ సందర్భముననే మన పల్లెవాసులకొక మాట: తెలియని విదేశీ నంబరునుండి ఒక్కసారి మ్రోగి ఆగిపోయిన పిలుపునకు, మనవాడేమో యని తిరిగి ఫోను చేయకుడు; అట్టి నంబరులలో అనేకము అధిక రుసుము పిండుటకై ఏర్పరచినవి. మనవాడైనచో మరల చేయును, లేదా సందేశము పంపును.

వెల తగ్గినను మాట అందనివారు మరికొందరు గలరు. వారి విషయము నాకు అన్నిటికంటె బాధాకరము. కడప, రాయచోటి, ఉభయగోదావరి ప్రాంతములనుండి కువైటునకు ఇంటిపనికి పోయిన స్త్రీలకు, అక్కడ ఖద్దామా యని పిలువబడువారికి, యజమాని గృహమే లోకము. సెలవుదినము యజమానురాలి దయ. ఫోను ఎప్పుడు పట్టవచ్చునో ఆమె యిష్టము. పనిలో చేరిన దినముననే ఫోను పుచ్చుకొని బీరువాలో పెట్టిన సందర్భములు తిరిగివచ్చిన స్త్రీల నోట తరచుగా వినవచ్చుచున్నవి. కువైటు 2015లో చేసిన 68వ నంబరు చట్టము ఇంటిపనివారి పాస్‌పోర్టును యజమాని దాచుకొనరాదని శాసించినది. పాస్‌పోర్టు ఎట్టి రక్షణయో, ఫోను అంతకు తక్కువ రక్షణ కాదు. జీతము నిలిచినను, జబ్బుపడినను, దెబ్బలు తినినను, తొలి వార్త ఇంటికే వచ్చును. ఇంటివారు ఊరి పెద్దను, సర్పంచిని, తెలిసిన విలేకరిని పట్టుకొని, విదేశాంగశాఖవారి మదద్ పోర్టలులో ఫిర్యాదు చేయించి, రాయబార కార్యాలయమును కదలింతురు. ఈ గొలుసులో మొదటి కడియము ఆమె చేసిన ఫోను పిలుపు. అది తెగినప్పుడు తక్కిన రక్షణలన్నియు కాగితము మీదనే యుండిపోవును.

మన వైపున నున్న ఇంటిలోను ఇట్టి లోపమే గలదు. స్మార్టుఫోను ఒక్కటే యున్న ఇంట అది కొడుకు చేతనో, మరిది చేతనో ఉండును. భర్త పిలుపు కొరకు భార్య వారి తీరికను కనిపెట్టుకొని యుండవలెను. యాప్ తెరచుట తెలియని అత్తగారికి ఏడవ తరగతి మనుమడు నంబరు కలిపి పెట్టి ప్రక్కనే నిలుచుండును. పూర్వము జాబు చదివినవాని స్థానమును ఇప్పుడీ పిల్లవాడు ఆక్రమించెను. అప్పు సంగతి, వ్యాధి సంగతి, కోడలి సంగతి అతని యెదుట ఆమె చెప్పలేదు. కావున చౌక ధరతో పాటు ఫోను పట్టుట నేర్పువారును కావలెను. ఊరూర ఐకేపీ మహిళాసంఘములు గలవు. పొదుపు లెక్కలు నేర్చిన ఆ స్త్రీలకు ఈ విద్య నేర్పుట కష్టము కాదు. డేటా అక్కరలేని వృద్ధులకై కేవలము మాటకు, ఎస్సెమ్మెస్సునకు వేరు ప్యాకులు ఉండితీరవలెనని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించుట మంచిపని. నెలనెల రీఛార్జి చేయలేక ఫోను మూగవోయిన ఇంటికి విదేశపు పిలుపు ఉచితమైనను చేరదు గదా.

ఒకే మార్గమును నమ్ముకొనుట కూడ ప్రమాదము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు టవరులు కూలి, విద్యుత్తు పోయి, విదేశములలోని బిడ్డలు తల్లిదండ్రుల క్షేమము తెలియక తల్లడిల్లిరి. 2021 అక్టోబరు 4న వాట్సాప్ దాదాపు ఆరుగంటలు ప్రపంచమంతటను స్తంభించెను. ఇరువది ఏండ్లకు పైగా నడచిన స్కైప్ 2025 మే 5న శాశ్వతముగా మూతపడెను. స్వల్ప ధరకు దాని ద్వారా ఇంటి ల్యాండులైనునకు పిలుచుచు వచ్చినవారు గూగుల్ వాయిస్, వైబర్ ఔట్ వంటి వేరు దారులు వెదకుకొనవలసి వచ్చెను. అందుచేత ఉచితముగా మాటలాడు యాప్‌ను నిత్యవ్యవహారమునకును, ఏదో ఒక సాధారణపు విదేశీ పిలుపుల ప్యాకును ఆపత్సమయమునకును ఉంచుకొని, పొరుగింటి నంబరు ఒకటి కాగితముపై వ్రాసి పెట్టుకొనుట వివేకము. కాగితమని ఏల చెప్పుచున్నాననగా, ఫోను పోయినవానికి ఫోనులోని నంబరులు పనికిరావు.

దేశముల నడుమ పిలుపులకు రాజ్యములు హద్దు కట్టుట జరగనిపని యనువారు ఐరోపా వైపు చూడవలెను. 2019 మే 15 నుండి యూరోపియన్ యూనియన్‌లో ఒక సభ్యదేశమునుండి మరియొక సభ్యదేశమునకు చేయు పిలుపునకు నిమిషమునకు 19 సెంట్లు, ఎస్సెమ్మెస్సునకు 6 సెంట్లు, పన్ను గాక, గరిష్ఠముగా నిర్ణయింపబడినవి. గల్ఫ్ సహకార మండలి దేశములే తమ పౌరులు పరస్పరము ప్రయాణించునప్పుడు పడు రోమింగు రుసుములను 2016లో తగ్గించుకొనినవి. తమ ప్రజలకు తాము చేసికొనగలిగిన మేలును, తమ భవనములు కట్టి, తమ బిడ్డలను పెంచుచున్న పరదేశులకు చేయుమని అడుగుట అనుచితము కాదు. భారతదేశమునకును ఎమిరేట్స్‌నకును సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందము 2022 మే 1 నుండి అమలులో నున్నది. ఆభరణములకు, వస్త్రములకు, ఖర్జూరములకు సుంకముల లెక్కలు వ్రాసికొన్న ఆ రెండు ప్రభుత్వములు, లక్షలాది కార్మికుల మాటలకు కూడ ఒక లెక్క వ్రాసికొనవచ్చును. ఢిల్లీవారు ఈ విషయమును ప్రతి సంయుక్త సమావేశములోను ఎత్తవలెను. మన పార్లమెంటు సభ్యులు ఎత్తించవలెను.

అంతవరకు చేయదగినవి మన చేతిలోనే కొన్ని గలవు. గల్ఫ్‌లో మరణించిన కార్మికుని కుటుంబమునకు తెలంగాణ ప్రభుత్వము 5 లక్షల రూపాయలిచ్చుట కృతజ్ఞతతో చెప్పుకొనదగిన సహాయము. అతడు జీవించియుండగా ఇంటితో మాటలాడుటకు దానిలో అత్యల్పభాగము వెచ్చించినను మేలగును. ఇసిఆర్ పాస్‌పోర్టుతో, అనగా వలసకు ప్రభుత్వ అనుమతి అవసరమైన పాస్‌పోర్టుతో, పోవు ప్రతి కార్మికుడును రెండేండ్లకు 275 రూపాయల ప్రీమియముతో ప్రవాసీ భారతీయ బీమా యోజనలో చేరుట తప్పనిసరి. ఆ బీమాతో పాటే, చేరిన దేశపు సిమ్‌ను గూర్చి, అచ్చట చట్టబద్ధమైన యాప్‌లను గూర్చి, నిషిద్ధమైనవానిని గూర్చి, ప్యాకుల ధరలను గూర్చి తెలుగులో అచ్చువేసిన ఒక పత్రము అతని చేత పెట్టుటకు ఎంత ఖర్చగును? ప్రయాణమునకు ముందిచ్చు శిక్షణలో ఒక గంట దీనికి కేటాయించి, భార్యనో తల్లినో కూడ రప్పించి, ఇరువురి ఫోనులను అక్కడనే కలిపి చూపింపవచ్చును.

ఇంతకంటె ముఖ్యమైనది ఒప్పందపత్రము. తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌కు ఓంక్యాప్ అను ప్రభుత్వ నియామక సంస్థలు గలవు. అట్టి అనుమతి అవసరమైన ఇసిఆర్ దేశములకు ఇసిఆర్ పాస్‌పోర్టుతో ఇంటిపనికి పోవు స్త్రీలను పంపు అధికారము ప్రైవేటు ఏజెంట్లకు లేక, ఇట్టి ప్రభుత్వ సంస్థలకే ఈయబడినది. తాము పంపు ప్రతివాని ఒప్పందములోను ఈ రెండు సంస్థలు నాలుగు షరతులు చేర్పింపవలెనని నా విన్నపము: పనిలో చేరినవారి ఫోను ఎల్లప్పుడు వారి యొద్దనే యుండవలెను, వసతిలో వైఫై యజమాని ఖర్చు మీద నడువవలెను, ఆ దేశమున పిలుపులకు ప్యాకు అవసరమైనచో దాని రుసుమును జీతములో కోయక యజమానియే భరింపవలెను, దినమున కొకసారి, పని ముగిసిన వెనుక, ఇంటితో మాటలాడుటకు అడ్డు చెప్పరాదు. దీనికి ఏ విదేశీ ప్రభుత్వపు అనుమతియు అక్కరలేదు, పార్లమెంటులో చట్టమును అక్కరలేదు. హైదరాబాదులోను విజయవాడలోను ఉన్న ఆ రెండు కార్యాలయములు తమ తరువాతి నియామక ప్రకటననుండియే వీనిని అమలు పరుపవచ్చును.